అత్తగారి ప్రసూతి అర్హత

ఆరోగ్య బీమా రంగంలో అరవై తొమ్మిదేళ్ళ వృద్ధురాలు ఒకామె, ఏ నియమాన్నీ ఉల్లంఘించకుండా, పండంటి ఆడపిల్లకు తల్లి అయింది. ఆమె భర్త పోయి పదకొండేళ్ళయింది. అయినా ఫారంలో తండ్రి పేరు అన్న గడి ఐచ్ఛికం కాబట్టి అదేమీ అడ్డు రాలేదు. తల్లీ బిడ్డా క్షేమం. ఈ ఘనతలో సింహభాగం ఆమె అల్లుడిది.

అల్లుడు ఒక పెద్ద బీమా కంపెనీలో అర్హత విచారణల నియమపాలన అధికారి. పేరు వినగానే భయపడాల్సిన పని లేదు. రోగి ఆస్పత్రికి వెళ్ళి బీమా కార్డు చూపిస్తాడు. ఆస్పత్రి కంప్యూటరు బీమా కంపెనీ కంప్యూటరును, ఈ మనిషి మీవాడేనా, ఇతనికి ఏయే వైద్యాలు వర్తిస్తాయి అని అడుగుతుంది. కంపెనీ కంప్యూటరు జవాబు చెబుతుంది. మధ్యలో మనుషులెవరూ ఉండరు గనుక, రెండు యంత్రాల మధ్య మర్యాద చెడకుండా ప్రభుత్వంలోని పైవాళ్ళు నియమాలు పెట్టారు. జవాబు ఇరవై సెకన్లలో వెళ్ళాలి. నిర్ణీత నమూనాలో ఉండాలి. నిర్ణీత పట్టికలోని వైద్యసేవలన్నిటి గురించీ ఉందనో లేదనో విధిగా చెప్పాలి. పట్టికలో లేని సేవల గురించి చెప్పడం, మానడం కంపెనీ ఇష్టం. కంపెనీకి ఎప్పుడూ ఇష్టం కలగలేదు.

జవాబు నిజమై ఉండాలని మాత్రం ఏ నియమంలోనూ లేదు. సాటి సంస్థ మాట నిజమా అబద్ధమా అని అడగడం పెద్దమనుషుల లక్షణం కాదు కదా.

ఈ నియమాలన్నీ అల్లుడికి కంఠతా వచ్చు. ఆలస్యంగా వెళ్ళిన సరైన జవాబు ఉల్లంఘన అని, వేళకు వెళ్ళిన తప్పు జవాబు సేవ అని కొత్తగా చేరినవాళ్ళకు ఆయనే పాఠం చెప్పేవాడు. ఇంట్లో కూడా ఆ క్రమశిక్షణ తప్పేవాడు కాదు.

"కుళాయి బాగుచేసేవాడికి ఫోన్ చేశారా?" అని భార్య వంటింట్లోంచి అడిగేది.

"నీ విచారణ అందింది" అనేవాడు వెంటనే.

"అందితే సరా? చేశారా లేదా?"

"అందిందని చెప్పడం మొదటి మెట్టు. చాలామంది భర్తలు అది కూడా చెప్పరు."

అప్పుడు పక్క గదిలోంచి అత్తగారి గొంతు వినిపించేది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయింది. కూతురి దగ్గరే ఉంటోంది. "మా దగ్గరా ఒకడు ఇలాగే ఉండేవాడమ్మా. లైను కలపరా బాబూ అంటే 'వింటున్నానండీ' అనేవాడు. ఒక్క లైనూ కలిపేవాడు కాదు. చివరికి వాణ్ణే మాకు సూపర్వైజరుగా వేశారు."

అల్లుడు దీన్ని పొగడ్తగానే తీసుకునేవాడు. నిజానికి ఆయనకీ పదోన్నతి రావాల్సి ఉంది. అది 'సంపూర్ణ నియమబద్ధ సంస్థ' అన్న ధ్రువపత్రం కంపెనీకి రావడం మీద ఆధారపడి ఉంది. ఆ ధ్రువపత్రం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి బయటి నుంచి ముగ్గురు సభ్యుల బృందం వస్తున్న రోజు పొద్దున్నే, అత్తగారు కుడి డొక్క పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయింది.

"రాత్రి నుంచీ ఇలాగే ఉందట, మనల్ని లేపడం ఎందుకని ఊరుకుందట" అంది భార్య. చెప్పులేసుకుంటూ, "ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మీరూ రండి" అంది.

"ఇవాళ బృందం వస్తోంది. అయినా నేనెందుకు? మా కంపెనీ కార్డే కదా. చూపించు. కళ్ళు మూసి తెరిచేలోగా జవాబు వస్తుంది."

"జవాబు వస్తే నొప్పి తగ్గుతుందా?"

"అది వైద్యుల విభాగం" అని ఆయన టై సరిచేసుకున్నాడు. అత్తగారికి మాత్రం గుమ్మం దాకా భుజం ఆసరా ఇచ్చి, టాక్సీ తలుపు తనే తీశాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఈ విషయం ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు.

ఆఫీసు సమావేశ మందిరంలో గోడంత తెర ఏర్పాటు చేశారు. నడుస్తున్న విచారణ ఒకటి కళ్ళారా చూడాలని బృందం నాయకుడు కోరాడు. ఆ క్షణానికి ఏది వస్తే అదే చూపించారు. గోప్యతా నియమాల ప్రకారం రోగి పేరు కనిపించదు. స్త్రీ, వయసు అరవై తొమ్మిది, ఆస్పత్రి అడిగిన సేవ: పిత్తాశయ శస్త్రచికిత్స. మూడు సెకన్లలో జవాబు వెళ్ళిపోయింది. దంతవైద్యం లేదు. కళ్ళజోడు లేదు. ప్రసూతి ఉంది. నవజాత శిశు సంరక్షణ ఉంది. ఇలా పట్టిక పొడవునా నిండుగా సాగింది. పిత్తాశయం పట్టికలో లేదు కాబట్టి జవాబులోనూ లేదు.

బృందంలో కొత్తగా చేరిన కుర్ర సభ్యుడికి ఇంకా అనుభవం చాలదు. "అరవై తొమ్మిదేళ్ళావిడకి ప్రసూతి ఉందంటున్నారేంటండీ? ఆవిడ అడిగింది వేరే కదా" అన్నాడు.

అల్లుడు చిరునవ్వు నవ్వాడు. "పట్టికలో ఉన్నదానికి జవాబు చెప్పకపోతే ఉల్లంఘనండీ. వయసు చూసి ఒకరికి చెప్పి ఇంకొకరికి మానేస్తే వివక్ష. మా సంస్థ దృష్టిలో స్త్రీలందరూ సమానం."

బృందం నాయకుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తరువాత అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే అల్లుడి జేబులో ఫోను మోగింది.

"డాక్టరు చూశాడండీ" అంది భార్య. "పిత్తాశయంలో రాళ్ళున్నాయట. బాగా వాచిపోయిందట. ఇవాళే తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే లోపలే పగులుతుంది అంటున్నాడు. మీ కంపెనీ నుంచి మాత్రం జవాబు రాలేదు."

"రాకపోవడమేంటి? ఇప్పుడే మూడు సెకన్లలో వెళ్ళింది. నేను కళ్ళారా చూశాను. అందరూ చప్పట్లు కూడా కొట్టారు."

"దేనికి?"

అల్లుడు తెర వైపు చూశాడు. స్త్రీ, అరవై తొమ్మిది. గొంతు కాస్త తగ్గించి, "అత్తయ్యకే" అన్నాడు.

భార్య నెమ్మదిగా చెప్పింది. పిత్తాశయం గురించి కంపెనీ 'ఉంది' అంటే చేర్చుకుంటారట. 'లేదు' అంటే సొంత ఖర్చు మీద చేర్చుకుంటారట. ఏమీ అనకపోతే మాత్రం, మళ్ళీ ఏదో ఒకటి అనేదాకా చేర్చుకోకూడదట. అది ఆస్పత్రి నియమం. అవతలి ఆస్పత్రికి వెళదామంటే, ఇక్కడ విచారణ తెరిచి ఉండగా అక్కడ తెరవడం కుదరదట.

"సహాయ కేంద్రానికి ఫోన్ చేయకపోయావా?"

"చేశాను. మీరే ఎత్తారు."

ఇక్కడ ఒక వివరణ అవసరం. కంపెనీ సహాయ కేంద్రంలో వినిపించే రికార్డు గొంతు అల్లుడిదే. పరాయివాళ్ళ ఉచ్చారణ మీద నమ్మకం లేక రెండేళ్ళ కిందట ఆయనే చదివి ఇచ్చాడు.

"అమ్మ మీ గొంతు గుర్తుపట్టి ఫోను లాక్కుంది. 'నాయనా, నొప్పి తట్టుకోలేకపోతున్నాను' అంది. మీరు ఒకటి నొక్కమన్నారు. 'నా వల్ల కావట్లేదు నాయనా' అంది. మీరు రెండు నొక్కమన్నారు. చివరికి 'మీ సహనానికి కృతజ్ఞతలు' అని పెట్టేశారు."

అల్లుడు ఉద్యోగంలో చేరాక మొదటిసారి బృందాన్ని మధ్యలో వదిలేసి బయటికి నడిచాడు. నేరుగా చైర్మన్ గదికి వెళ్ళి, ఒక్క జవాబు చేత్తో దిద్దడానికి అనుమతి కావాలన్నాడు.

చైర్మన్ లేచి నిలబడి, గదిలో ఒక్కడే శ్రోత ఉన్నా సభను ఉద్దేశించినట్టే మాట్లాడాడు. "మన సంస్థ నిలబడింది మానవత్వం మీద. మానవత్వం అంటే ఏమిటి? ఒక్కరి కోసం అందరినీ మరిచిపోకపోవడం. ఇవాళ మీ అత్తగారి జవాబు దిద్దితే, రేపు రోగులందరికీ జవాబులు దిద్దమంటారు. అప్పుడు రోగులకు జవాబులు దొరుకుతాయి, కానీ నియమాలు ఎక్కడ మిగులుతాయి? చేత్తో దిద్దిన ఒక్క జవాబు చాలు ధ్రువపత్రం పోవడానికి. అత్తగారా, పదోన్నతా అని నేను అడగను. అలా అడగడం అమానుషం. మీరే ఆలోచించుకోండి. భోజన విరామంలో ఒక గంట వెళ్ళిరండి."

అల్లుడు వెళ్ళేసరికి ఆస్పత్రి వరండాలో అత్తగారు చక్రాల కుర్చీలో ఉంది. మొహం పాలిపోయి ఉంది. అల్లుణ్ణి చూసి, "ఈసారి నువ్వేనా, రికార్డా?" అంది.

"నేనే అత్తయ్యా."

"ఏ నంబరు నొక్కమంటావు?"

ఆయన కౌంటరు దగ్గరికి నడిచాడు. కౌంటర్లోని అమ్మాయి మళ్ళీ విచారణ పంపింది. మళ్ళీ అదే జవాబు అదే వేగంతో వచ్చింది. ఆపరేషను దుస్తుల్లోనే కిందికి దిగివచ్చిన సర్జను ఆ తెర వైపు తొంగిచూశాడు. ఆయన దగ్గర పనిముట్లు, మందులు, మత్తు డాక్టరు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఓపిక మాత్రం లేదు.

"దేనికి ఉంది ఈవిడకి?"

"కాన్పుకి ఉంది సార్."

"చేర్చేసుకో. అదీ కడుపే, ఇదీ కడుపే. లోపలికి తెస్తే ఏం తియ్యాలో నేను చూసుకుంటాను."

అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. అల్లుడి వైపు చూసింది. భార్యా ఆయన వైపే చూసింది. జీవితంలో ఒక్క తప్పు నమోదునూ సహించని ఆ మనిషి కళ్ళు మూసుకుని నియమాలన్నీ మనసులో తిరగేశాడు. ప్రసూతికి గరిష్ఠ వయోపరిమితి లేదు. గర్భం ఉన్నట్టు రుజువు విధిగా జతచేయాలని లేదు. కళ్ళు తెరిచి, "ఉల్లంఘన ఏమీ కనిపించడం లేదు" అన్నాడు. అంటుండగా ఆయన మొహంలో కొంచెం గర్వం కూడా కనిపించిందని భార్య తరువాత చాలామందికి చెప్పింది.

అలా అత్తగారు ప్రసూతి వార్డులో కిటికీ పక్క పడకకు హక్కుదారు అయింది. చేతికి గులాబీ రంగు పట్టీ కట్టారు. థియేటరు ఖాళీ అయ్యేదాకా ఆగమన్నారు. వార్డు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నిండు గర్భిణి కూర్చుని ఉంది. నొప్పులు వచ్చినప్పుడల్లా బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగిస్తోంది. పక్కన భర్త నిలబడి ఉన్నాడు. ఎలక్ట్రీషియన్. పని మధ్యలోంచి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, నడుముకి పనిముట్ల సంచీ ఇంకా వేలాడుతోంది.

"అమ్మాయిని బయట కూర్చోబెట్టారేం?" అని అత్తగారు హెడ్ నర్సును అడిగింది.

"అర్హత రాలేదమ్మా. కంపెనీవాళ్ళు 'వ్యక్తి గుర్తింపబడలేదు' అంటున్నారు."

"ఎదురుగా ఇంత మనిషి కనపడుతుంటే గుర్తుపట్టలేదా?"

ఎలక్ట్రీషియన్ కార్డు తీసి చూపించాడు. "కార్డు మీద ఇంటిపేరు ముందుంది. ఇక్కడి రికార్డులో వెనక ఉంది. అంతే తేడా. కానీ ఎక్కడ తేడా వచ్చిందో వాళ్ళు చెప్పరట. ఎన్నిసార్లు పంపినా గుర్తింపబడలేదనే వస్తోంది." అప్పుడు అతని చూపు అల్లుడి మెళ్ళోని గుర్తింపు పట్టీ మీద పడింది. "సార్, మీరు ఆ కంపెనీలోనే పనిచేస్తారా?"

అల్లుడు ఆ పట్టీని చొక్కా లోపలికి తోసేశాడు. "కాదు" అన్నాడు.

"అవును, అందులోనే" అంది అత్తగారు. "ఆ రూలు పెట్టింది కూడా ఈయనే అయ్యుంటాడు."

అత్తగారి ఊహ సరైనదే. పేరు ఎక్కడ సరిపోలలేదో చెబితే మోసగాళ్ళు సరిదిద్దుకుని మళ్ళీ వస్తారని, కాబట్టి చెప్పకూడదని రెండేళ్ళ కిందట ఆయనే ఒక పేజీన్నర నోట్ రాశాడు. ఎలక్ట్రీషియన్ కొడతాడేమో అనుకున్నాడు. అతను కొట్టలేదు. రెండు చేతులూ జోడించాడు. "ఇంటిపేరు కాస్త ముందుకి జరిపించండి సార్" అన్నాడు.

కొడితేనే బాగుండుననిపించింది అల్లుడికి. నోరు తెరిచాడు. తెరిస్తే బయటికి వచ్చిన మాట, "మీ విజ్ఞప్తి అందింది" అన్నది.

అత్తగారు ఆయన వైపు ఒక్కసారి చూసి, హెడ్ నర్సు వైపు తిరిగింది. "ఆ పడక నాదేనా?"

"మీదేనమ్మా."

"నన్ను థియేటరుకి తీసుకెళ్ళాక అది ఖాళీయే కదా. ఆ అమ్మాయిని దాని మీద పడుకోబెట్టండి."

"పడుకోబెట్టొచ్చు. కానీ పడక ఎవరి పేరున ఉంటే కాన్పు వాళ్ళ పేరునే నమోదవుతుంది. బిడ్డ మీ బిడ్డ అవుతుంది."

"అవనీ. నా కాన్పు నాకెలాగూ అక్కర్లేదు, ఊరికే పోతోంది. ఏమ్మా, నీకేమైనా అభ్యంతరమా?"

బల్ల మీది అమ్మాయికి అభ్యంతరం చెప్పే స్థితి లేదు. భర్తా, నర్సూ చెరో రెక్కా పట్టుకుని ఆమెను లోపలికి నడిపించారు. అత్తగారిని స్ట్రెచర్ మీద థియేటరుకి తోసుకెళ్ళారు. వెళుతూ వెళుతూ ఆవిడ కూతురితో, "నేను తిరిగి రాకపోతే పిల్లని నువ్వే చూసుకోవాలి, నీకు చెల్లెలవుతుంది" అంది. కూతురు ఏడవబోయి నవ్వింది. నవ్వబోయి ఏడ్చింది.

బాధ్యుల సంతకం చేయాల్సింది అల్లుడే. బిడ్డకు ఆయన ఏమవుతాడో రాయాల్సిన చోట, కొంచెం ఆలోచించి, 'బావ' అని రాశాడు. బంధుత్వాల విషయంలో కూడా తప్పు సమాచారం ఇవ్వకూడదు.

సాయంత్రం కాకముందే అన్నీ సవ్యంగా ముగిశాయి. అత్తగారి పిత్తాశయం పగలకముందే బయటికి వచ్చింది. దాన్నీ అందులోని రాళ్ళనూ 'కాన్పులో వెలువడిన ఇతర పదార్థాలు' అన్న శీర్షిక కింద చేర్చారు. కిటికీ పక్క పడక మీద ఆడపిల్ల పుట్టింది. బిడ్డ అర్హత కోసం పంపిన విచారణకు రెండు సెకన్లలో సకల సేవలూ ఉన్నాయని జవాబు వచ్చింది. ఆ జవాబు కూడా సమావేశ మందిరపు తెర మీద బృందం కళ్ళపడింది. అరవై తొమ్మిదేళ్ళ ఆవిడ ఉదయం అర్హత పొంది, సాయంత్రానికల్లా ప్రసవించడం కంపెనీ సేవల వేగానికి నిదర్శనమని బృందం నాయకుడు నివేదికలో రాశాడు. కుర్ర సభ్యుడు కూడా ఈసారి ఏమీ అడగలేదు. అతనికి అనుభవం వచ్చింది.

ధ్రువపత్రం వచ్చింది. పదోన్నతి వచ్చింది. అల్లుడికి మాత్రం అన్నం సహించలేదు. వారం తిరక్కుండా మళ్ళీ చైర్మన్ గదికి వెళ్ళాడు.

"మా అత్తగారు తల్లి అయ్యారండీ."

"అభినందనలు. ఏదైనా నియమం ఉల్లంఘించబడిందా?"

"లేదండీ."

"మరి మీ బాధ ఏమిటి?"

బాధ ఏమిటో చెప్పడానికి నిర్ణీత నమూనా ఏదీ లేకపోవడంతో ఆయన తిరిగి వచ్చేశాడు. బిడ్డ రికార్డైనా సరిచేద్దామని ఎలక్ట్రీషియన్ ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిన ఆ బాలింత, విషయం వినగానే బిడ్డను గుండెలకు హత్తుకుంది.

"వద్దండీ, దండం పెడతాను. నా కూతురైతే దీన్నీ గుర్తుపట్టరు. పెద్దావిడ కూతురుగా ఉంటే జ్వరమొచ్చినా దగ్గొచ్చినా చూస్తారు. పేరుదేముంది, పాలు నేనే ఇస్తున్నాను కదా."

ఎలక్ట్రీషియన్ ఆయనను వీధి మొగదాకా సాగనంపి, "బావగారూ, మా ఆవిడ చెల్లెలికి కూడా నెలలు నిండాయి. వాళ్ళ కార్డులోనూ ఇదే తిరకాసు. అత్తయ్యగారు ఒప్పుకుంటారేమో ఒక మాట కనుక్కుంటారా?" అన్నాడు.

అత్తగారు ఒప్పుకుంది. అప్పటికి కుట్లు కూడా పూర్తిగా మానలేదు. అడిగిన ఆడపిల్లను కాదనడానికి ఆవిడకి నోరు రాలేదు. రెండు కాన్పుల మధ్య ఇంత వ్యవధి ఉండాలని నియమాల్లో లేదు. ఆ తరువాత ఆ చెల్లెలి స్నేహితురాలు వచ్చింది. ఆ స్నేహితురాలి తోడికోడలు వచ్చింది. ఒక స్కూలు టీచరు వచ్చింది. ఒక వకీలు తన భార్యను తీసుకువచ్చి, ఇది మోసం కిందికి రాదని గంటసేపు ఉపన్యసించి, వరుస దాటి ముందుకి వెళ్ళబోయాడు. బీమా కంపెనీలోనే పనిచేసే ఇద్దరు ఉద్యోగులు ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, నెలల వారీగా సర్దే పని అల్లుడి భార్య మీద పడింది. ఏడాది తిరిగేసరికి అల్లుడికి మరదళ్ళు, బావమరుదులు కలిపి ఒక తరగతి గదికి సరిపడినంత మంది అయ్యారు. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చాక వాళ్ళ ఆరోగ్యం గురించి వరసగా ఫోన్లు చేసి కనుక్కునేవాడు. ఫోనులో మామూలుగా, మనిషిలాగే మాట్లాడేవాడు. అది ఆయన తన ఇష్టంతో నేర్చుకున్న మొదటి పని.

ఇంతలో పైవాళ్ళు నియమాలను సవరించాలని అనుకున్నారు. పట్టికలో ఏవి చేర్చాలి, పేర్ల తేడాలను ఎలా చూడాలి, జవాబు నిజం కూడా కావాలా అన్న అంశాల మీద ప్రజలు తమ అభ్యంతరాలను రాతపూర్వకంగా పంపవచ్చని ప్రకటన వేశారు. అల్లుడు ఆ ప్రకటనను పెద్ద అక్షరాల్లో రాసి తన ఇంటి గేటుకి అంటించాడు. కాగితాలు, కలాలు కూడా పెట్టాడు. వచ్చినవాళ్ళందరూ దాన్ని శ్రద్ధగా చదివారు. "పాపం, మంచి మాటే రాశారు" అనుకున్నారు. ఆ కాగితాలతో విసురుకుంటూ, తమ వంతు కోసం ఎదురుచూశారు.

గడువు ముగిసింది. ప్రజల నుంచి ఒక్క అభ్యంతరమూ అందలేదు కాబట్టి, ప్రస్తుత నియమాల పట్ల ప్రజలు పూర్తి సంతృప్తితో ఉన్నారని నిర్ధారించి, వాటిని యథాతథంగా కొనసాగించారు.

అత్తగారికి వచ్చే నెల మొదటి వారంలో ఒక కాన్పు ఖాళీ ఉంది. మీరు అడుగుతారని తెలుసు కనుకనే చెబుతున్నాం.